దేశభక్తి గీతమూ, వాట్సాప్ తరగతీ

ఈ మధ్య బోధనాపద్ధతుల మీద ఏ సదస్సుకు వెళ్ళినా ఒక మాట తప్పకుండా వినబడుతున్నది. సామాజిక మాధ్యమాలను పాఠాలకు వాడుకోవాలట. వాట్సాప్‌లో తరగతి గ్రూపు పెట్టాలి, యూట్యూబులో ఉపన్యాసం పెట్టాలి, కవితలకు బొమ్మలు కట్టి ఇన్‌స్టాగ్రాంలో వదలాలి. అలా చేసినవాడు ఆధునికుడు, చెయ్యనివాడు ఛాందసుడు. ఎదుటి పక్షాన, ఫోను కనబడితే చాలు లాక్కొనే పండితులున్నారు. ఈ ఇరుపక్షాలవారూ అడగని ప్రశ్న ఒకటున్నది. ఆ పరికరం చేతికి వచ్చాక పాఠం గతి ఏమవుతున్నది? సాహిత్యం చెప్పుకొని బతికేవాణ్ణి కనుక, ఈ ప్రశ్నను ఒక్క గీతం మీద పెట్టి చూస్తాను.

గురజాడ ‘దేశభక్తి’ గీతం 1910 ప్రాంతంలో రాసినది. ఒక ఆగస్టు నెలలో మా డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులను, ఆ గీతం గురించి తమకు తోచింది తరగతి వాట్సాప్ గ్రూపులో రాయమన్నాను. తరగతిలో అరవైమంది. సాయంత్రానికి ముప్పై పైచిలుకు జవాబులు వచ్చాయి. వాటిలో ఇరవైకి పైగా ఒకటే బొమ్మ. వెనక జెండా, ముందు తలపాగాతో గురజాడ, కింద దేశమంటే ఏమిటో చెప్పే ఆ సుప్రసిద్ధ వాక్యం. ఇద్దరు పంపిన బొమ్మల్లో ఆ వాక్యం శ్రీశ్రీది! మిగిలిన చరణాల జోలికి ఎవరూ పోలేదు.

ఆ మిగిలిన చరణాల్లో ఏమున్నదో మనవి చేస్తాను. అందులో పంటలున్నాయి, తిండి వున్నది, ఒంట్లో బలానికీ తిండికీ గల సంబంధం వున్నది. చేతిపనులున్నాయి, దేశంలో తయారు కావలసిన సరుకులున్నాయి, వాటిని అమ్ముకోవలసిన అవసరం వున్నది. సొంత లాభంలో కొంత వదులుకొని పక్కవాడికి తోడ్పడమన్న హెచ్చరిక వున్నది. మతాలు వేరైతేనేం, మనసులు కలవాలన్న కోరిక వున్నది. అన్నిటికీ మించి, ఊరికే మాట్లాడటం మానేసి ఏదైనా పని చెయ్యమన్న మందలింపు వున్నది. ఆ గీతంలో దేశభక్తి అంటే ఉత్పత్తి, శ్రమ, పొరుగువాడు. ఒక్క వాక్యాన్ని కోసి తీసి జెండా మీద అతికించేసరికి తిండీ పోయింది, పనీ పోయింది, పొరుగువాడూ పోయాడు. మిగిలింది బిళ్ళ. దాన్ని ఎవరైనా చొక్కాకు తగిలించుకోవచ్చు, ధాన్యం దాచిన వ్యాపారితో సహా.

ఈ జబ్బు వాట్సాప్‌తో పుట్టిందని నేననను. మంత్రుల ఉపన్యాసాలూ, బడిగోడల మీది రాతలూ, పరీక్షల గైడ్లూ ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. అయితే గైడు చూసి రాసేవాడు కనీసం చేత్తో రాసేవాడు. రాస్తూ రాస్తూ ఎక్కడో ఒకచోట చదివేవాడు. ‘ఫార్వర్డు’ చెయ్యడానికి ఆ మాత్రం చదువు కూడా అక్కరలేదు.

ఇది విద్యార్థుల బద్ధకం అని సరిపెట్టుకుంటే మనం విమర్శకులం కాము. ఆ పరికరం వెనక ఒక యజమాని వున్నాడు. 2014లో ఫేస్‌బుక్ కంపెనీ వాట్సాప్‌ను సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనుక్కున్నది. 2023లో ఆ సంస్థ ఆదాయం దాదాపు 13,500 కోట్ల డాలర్లు, అందులో నూటికి 97 పాళ్ళకు పైగా ప్రకటనల మీద వచ్చిందే. ప్రకటన అమ్ముకునేవాడికి మన కళ్ళు ఒకచోట నిలవడం లాభం కాదు, జారుతూ వుండటమే లాభం. వాట్సాప్ సంభాషణల మధ్య ప్రకటనలు రావు గదా అని మిత్రులు అనవచ్చు. నిజమే. కాని ఆ ఇంట్లో పెరిగిన అలవాటు గది మారినంత మాత్రాన మారదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వచ్చారన్న పుకార్లు నమ్మి మన దేశంలో గుంపులు అమాయకుల్ని కొట్టి చంపిన తరువాత, ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుచోట్లకు మించి పంపకుండా ఆ కంపెనీయే కట్టడి పెట్టవలసి వచ్చింది. చదవకుండా పంపే అలవాటు మనిషి ప్రాణానికే ముప్పు అయినప్పుడు, పద్యం ఏపాటిది!

అయితే సంగతి ఇంతటితో అయిపోలేదు. ఆ రాత్రి పదకొండు దాటాక గ్రూపులో కాక, విడిగా నాకు ఒక గొంతు సందేశం వచ్చింది. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి. తల్లి మిరపకాయల కోతకు పోతుంది. పుస్తకం తెచ్చుకొని గీతం మొత్తం చదివినట్టున్నది. “పంట పండియ్యమన్నాడు గదా సార్. పండిచ్చేవాళ్ళకే రెండు పూట్లా తిండి లేకపోతే ఇంక బలం ఎక్కణ్ణుంచి వచ్చుద్ది? ఆ మాట ఆయన రాయలేదేంది?” అన్నది. నా ఎం.ఏ. చదువులో ఆ గీతం మీద ఇంత సూటి ప్రశ్న నేను వినలేదు. ఇదే విద్యార్థిని పరీక్షపత్రంలో ‘మహాకవి జాతిని మేల్కొలిపినాడు’ అని రాసి ఊరుకుంటుంది. విద్యార్థి తన జీవభాషలో రాయాలని గిడుగు పోరాడాడు, గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశాడు. శతాబ్దం దాటినా మన జవాబుపత్రంలో ఆ భాషకు పూర్తి చోటు దొరకలేదు. ఫోనులో దొరికింది. ఒక్కోసారి ఇంగ్లీషు అక్షరాల్లో దొరుకుతుంది, అది చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. అయినా చోటు చోటే.

కాని రాత్రి పదకొండింటికి ఎందుకు? తరువాత అడిగి తెలుసుకున్నాను. ఆ ఫోను అన్నది. అతను పడుకున్నాక గాని ఆమె చేతికి రాదు. మా అరవైమందిలో సొంత ఫోను లేనివాళ్ళు తొమ్మిదిమంది, వారిలో ఏడుగురు ఆడపిల్లలు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం వున్న ఇళ్ళు పట్టణాల్లో నూటికి 42, గ్రామాల్లో 15 లోపు. రెండేళ్ళు తిరిగేసరికి, 2020లో కళాశాలలు మూతబడి పాఠాలు ఫోనుల్లోకి వెళ్ళాయి. ఫోనులు పెరిగాయని ఇప్పుడు సంతోషిస్తున్నారు. ఇంట్లో ఫోను వుండటం వేరు, ఆడపిల్ల చేతిలో వుండటం వేరు. గ్రూపులో పెట్టిన జవాబులకు మార్కులు వేసే కళాశాలలు ఈ తేడా చూడటం లేదు. నా దృష్టిలో అది అన్యాయం.

మర్నాడు ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ ప్రశ్నను బోర్డు మీద రాశాను. గీతం పూర్తిపాఠం అచ్చుకాగితాల మీద అందరికీ పంచాను. ఫోనులు సంచుల్లోకి పోయాయి. గంటసేపు వాదన జరిగింది. సరుకులు తయారుచెయ్యమన్న కవి, ఆ సరుకులు ఎవరివో ఎందుకు అడగలేదన్నాడు ఒకడు. అప్పటికి మన దగ్గర మిల్లులెన్ని, పరాయి పాలనలో ముందు అడగవలసింది ఏది అని మరొకడు అడ్డుతగిలాడు. గురజాడ ఎక్కడిదాకా వెళ్ళాడు, ఎక్కడ ఆగాడు అన్న చర్చ అలా మొదలైంది. ఆ అమ్మాయి చివరిదాకా మాట్లాడలేదు గాని, తల ఎత్తి వింటూ కూర్చున్నది.

ఆ తరువాత కూడా నేను గ్రూపు తీసెయ్యలేదు. రేపటి పాఠం ఏమిటో అందులో చెబుతాను, తరగతిలో అడగలేని ప్రశ్నలు విడిగా పంపమంటాను. మార్కులకు దానితో సంబంధం పెట్టలేదు. ఆ ఏడు పరీక్షలో ‘దేశభక్తి’ మీద ప్రశ్న వచ్చింది: గురజాడ దేశభక్తిని వివరింపుడు. ఆ అమ్మాయి ఏ భాషలో జవాబు రాసిందో నాకు తెలియదు. పత్రాలు వేరే ఊళ్ళో దిద్దారు.