అక్వినాస్ సమన్వయం, దాని హద్దులు

పదమూడో శతాబ్ది అనగానే నెల్లూరు వాళ్ళకు తిక్కన గుర్తొస్తాడు: శైవ వైష్ణవ కలహాల నడుమ హరిహరనాథుణ్ణి నిలిపి, భారతాన్ని ఆయనకే అంకితమిచ్చిన సోమయాజి. అదే శతాబ్దిలో ఇటలీలో పుట్టిన థామస్ అక్వినాస్‌ను (మరణం 1274) చర్చి తత్త్వవేత్త అని ఒక్క మాటతో తోసెయ్యడం తేలికే. కాని ఆయన ముందున్న సమస్య ఏమిటి? అరబ్బు వ్యాఖ్యాతల ద్వారా అరిస్టాటిల్ యూరపుకు తిరిగొచ్చాడు. అతని ప్రకృతిశాస్త్ర గ్రంథాల బోధనను పారిస్‌లో 1210లోనే నిషేధించారు. అక్వినాస్ వాటికి వ్యాఖ్యానాలు రాశాడు. విశ్వాసంతో నిమిత్తం లేకుండా బుద్ధి తెలుసుకోగల సత్యాలున్నాయన్నాడు. ఫలితం? 1277లో పారిస్ బిషప్ ఖండించిన 219 ప్రతిపాదనల్లో కొన్ని ఆయన బోధలకూ తగిలాయి. 1323లో చర్చే ఆయన్ను పునీతుణ్ణి చేసింది!

ప్రాణావసరంలో పరుల సొత్తు తీసుకోవడం దొంగతనం కాదని ఆయన ‘సుమ్మా థియొలాజికా’ చెబుతుంది. అభ్యుదయవాదులకు ఇష్టమైన మాటే. మొండికేసిన మతభ్రష్టుడికి మరణశిక్ష తగునని చెప్పేదీ ఆ గ్రంథమే. ఒకటి చూపి రెండోది దాచడం విమర్శ కాదు, వకాల్తా. సమన్వయం ఎవరెవరిని కలిపిందో చూసి మురిసిపోతాం; ఎవరిని గడప బయట ఉంచిందో అడగం. గణపతిదేవుని సభలో తిక్కన జైన బౌద్ధులను వాదంలో ఓడించాడని సిద్ధేశ్వర చరిత్ర కథనం. హరిహరనాథుడి గుడిలో వారికి చోటు లేదు.