సకినాలకు కూలి ఎంత?

సంక్రాంతికి వారం ముందు జనగామలోనైనా మహబూబాబాద్‌లోనైనా గిర్ని ముందు తడి బియ్యం గిన్నెలు వరుస కడతాయి. కొత్త బియ్యం నానబెట్టి, నీళ్లు వంచి, బట్ట మీద ఆరబోసి, చేతికి తడి తగిలీ తగలనట్టు ఉన్నప్పుడే పట్టించాలి గనుక ఆ వరుసలో ఎవరికీ ఓపిక ఉండదు. అదే వారంలో బెల్లం, నువ్వులు, వాము, నూనె డబ్బా, ముగ్గు పిండి, రంగులు, పిల్లల బట్టలు, అత్తగారింట ఉన్న బిడ్డకు పంపాల్సిన సారె, ఇల్లు దులపడం, బోళ్లు తోమడం. 2023 డిసెంబర్ 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బజారుకు వెళ్లిరావడం తేలికైంది. దాంతో బజారు పని కూడా పూర్తిగా వాళ్ల ఖాతాలోనే పడింది! ఇంత పనికి ఇంట్లో ఎక్కడా లెక్క లేదు. ఉండాలని నా వాదన. పండుగ పిండివంటలకు కూలి ఉందని ఒప్పుకుంటేనే ఆ విద్య జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బతుకుతుంది.

విద్య అన్నది పొగడ్త కోసం కాదు. మురుకులకు గొట్టం ఉంది, అరిసెలు ఒత్తడానికి చెక్కలున్నాయి. సకినాలకు ఉన్నవి వేళ్లే. నువ్వులు, వాము, ఉప్పు కలిపిన పిండి ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలి తిప్పుతూ, ఆ మెలి విడిపోకుండా, పాత చీర మీదో ధోవతి మీదో మూడు నాలుగు చుట్లు గుండ్రంగా పోయాలి. నీళ్లు తగ్గితే మెలి తెగుతుంది, ఎక్కువైతే చుట్టు చుట్టు అంటుకుపోతుంది. బట్ట తడిని ఎంత పీల్చాక ఎత్తి నూనెలో వేయాలో గడియారం చెప్పదు. ఎండను బట్టి, గాలిని బట్టి, ఆ ఏటి బియ్యాన్ని బట్టి మారుతుంది. పొయ్యి దగ్గర కూర్చునే మనిషి వేరు, పోసే మనుషులు వేరు. మొదటివాళ్లకు నూనె తెలియాలి, రెండోవాళ్లకు పిండి తెలియాలి. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే పనికి కాకతీయుల కాలం నుంచి పేరుంది. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరు పెట్టెలు చేశారు, ఇప్పటికీ గుళ్లకు తొడుగులు చేస్తున్నారు, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనివాణ్ని కూలి ఎందుకు అడుగుతున్నావని ఎవరూ అనరు. సుత్తి పట్టిన చేతికి ఉన్న హక్కు పిండి పట్టిన చేతికి ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

ఇక్కడ చాలామంది అడ్డుతగులుతారు. పండుగ పూట ఇంటివాళ్ల కోసం చేసేది ప్రేమతో చేసేది, దానికి ధర కడితే పండుగే ఉండదంటారు. మనం మరిచిపోయిందేమిటంటే, ఆ పనికి మునుపు కూడా లెక్క ఉండేది. అది రూపాయల్లో ఉండేది కాదు, అంతే. ఇవాళ మా ఇంట్లో పోస్తే రేపు మీ ఇంట్లో. వరి నాట్లకు ఎలా బదులుకు పోయేవాళ్లో సకినాలకూ అలాగే పోయేవాళ్లు. ఎవరింటికి ఎంతమంది వచ్చారో, ఎవరు పొద్దెక్కి వచ్చి పొద్దుండగానే లేచిపోయారో ఆ వాడ ఆడవాళ్లకు నోటికి వచ్చు. పాటలు, ఎగతాళి, అత్తాకోడళ్ల ముచ్చట్లు అన్నీ ఆ లెక్క మధ్యలోనే నడిచాయి. ప్రేమకూ లెక్కకూ అక్కడ తగాదా లేదు. లెక్కలేని పని ఎలా ఉంటుందో కూడా ఈ నేలకు బాగా తెలుసు. పండుగొచ్చినా పెళ్లొచ్చినా కులాల వారీగా దొర గడీకి పనీ సరుకూ ఊరికే ఇచ్చుకోవడాన్ని వెట్టి అన్నారు. భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ మీద జనగామ తాలూకా తిరగబడింది భూమి కోసమే కాదు, ఆ వెట్టి మీద కూడా. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయింది ఆ పోరులోనే. ఇంటి పనిని వెట్టితో సమానం చేయడం లేదు. ఇంట్లో కొరడా లేదు, దొర లేడు. కానీ చేసిన పనిని పనిగా ఒప్పుకోవాలని పోరాడిన ఊళ్లు గడప లోపలికి వచ్చేసరికి ఆ మాట ఎత్తకపోవడం వింతే.

బదులు ఇప్పుడు చాలా చోట్ల ఆగిపోయింది. అందుకు ఆడవాళ్ల బద్ధకం కారణమని చెప్పేవాళ్లు మహబూబాబాద్ వైపు జనవరిలో ఒకసారి చూడాలి. అది మిరపకాయ ఏరే కాలం. చేన్లు ఎర్రబడ్డాక కూలి మనుషుల కోసం రైతులు ఊళ్లు తిరుగుతారు. ఆ రోజుల్లో పక్కింట్లో సకినాలకు కూర్చోవడమంటే ఒక రోజు కూలి వదులుకోవడమే. భూపాలపల్లిది ఇంకో తీరు. సింగరేణి బొగ్గు కోసం, చెల్పూరు కరెంటు కేంద్రం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు క్వార్టర్లలో ఉంటాయి. మగమనిషి షిఫ్టును బట్టి ఇంటి నిద్రా వంటా మారతాయి. అత్త, తోడికోడలు, ఆడబిడ్డ వేరే ఊళ్లో ఉంటారు. పదిమంది పంచుకునే పని ఒక్కరి మీద పడితే పొయ్యి దగ్గరికీ బట్ట దగ్గరికీ ఆమే తిరగాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనుల్లో ఉన్నారు. చేసిన మగవాళ్లు 97 నిమిషాలు. అది ఏడాది పొడుగునా తీసిన సగటు. సంక్రాంతి ముందు వారం సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. పైగా, ఆ ఇల్లాలు పోసిన సకినాలు దుకాణంలో అమ్ముడుపోతే దేశం ఆదాయంలో చేరతాయి, ఇంటివాళ్లే తింటే చేరవు.

అందుకే స్వగృహ దుకాణాల్లో కిలోల లెక్కన తూచి అమ్మే సకినాలను చూసి సంప్రదాయం పోయిందని బాధపడేవాళ్లతో నేను కలవలేను. రుచి తేడా నిజమే. నిలవ ఉండాలని మరీ గట్టిగా కాల్చినవీ ఉంటాయి, మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించినవీ ఉంటాయి. ఆ ఫిర్యాదు చేయాల్సిందే. కానీ వినిపించే ఫిర్యాదు ఎక్కువగా అది కాదు: బియ్యం పిండికి ఇంత ధరా అన్నది. డిసెంబర్ 31 రాత్రి బేకరీలో క్రీమ్ కేకు పెట్టె పట్టుకుని, అందులో ఉన్నది మైదా, చక్కెరే కదా అని ఎవరైనా బేరమాడతారా? కేకును మనం ఎప్పుడూ కొనుక్కునే తిన్నాం. సకినాలు ఊరికే వచ్చినట్టు అనిపించడం వల్లే దుకాణంలో వాటి ధర కంటికి పెద్దదిగా కనిపిస్తుంది.

కొనడం అలవాటైతే ఇంట్లో పిల్లలకు ఈ విద్య రాకుండా పోతుందన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. చూసి నేర్చుకునే పని ఇది. పక్కన కూర్చోనిదే వేళ్లకు రాదు. అయితే ఏడాదికి ఒక్కసారి, నడుం పడిపోయేదాకా, ఒక్కతే చేసే తల్లిని చూసిన అమ్మాయి నేర్చుకునేది ఇంకొకటి: ఈ పని మనకొద్దు అని. నెలలో నాలుగు రోజులైనా దానితో సంపాదించే మనిషి పక్కన కూర్చుంటే వేరే మాట. అమ్మాయే ఎందుకు కూర్చోవాలి, అబ్బాయి వేళ్లకు ఏమైంది అన్న ప్రశ్నకు ఇంతవరకూ సరైన జవాబు వినలేదు. పెళ్లిళ్లలో బాగారా అన్నం వండేది, మిఠాయి కొట్లో జిలేబీ చుట్టేది ఎక్కువగా మగవాళ్లే కదా.

పిండి, నూనె ఇంటివాళ్లే ఇస్తే వచ్చి కూలికి చేసిపెట్టే ఆడవాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు. పెళ్లిళ్లకు సారె కోసం వాళ్లను పిలవడం మామూలే. పద్ధతి మంచిదే, బేరం మంచిది కాదు. కిలోకు ఇంత అని మాట్లాడుకునేటప్పుడు పిండి పిసికే పొద్దు, పొయ్యి సెగ, బట్టలు పరిచి ఎత్తే పని లెక్కలోకి రావు. మధ్యాహ్నం అన్నం పెట్టడాన్ని కూలిలో కలిపేస్తారు, చివర్లో ఒక గిన్నెడు సకినాలు చేతిలో పెట్టి బాకీ తీరిందనుకుంటారు. మిరప చేను యజమాని ఇలా చేస్తే ఆ కూలీలు మర్నాడు ఇంకో చేనికి పోతారు. సకినాల కూలి కూడా రోజుకు ఇంత అని, ముందు రోజే, చేసేవాళ్లు చెప్పాలి. ఆ రోజు పక్క ఊళ్లో మిరప ఏరే మనిషికి ఎంత ఇస్తున్నారో దానికి తగ్గకుండా చెప్పాలి; పొయ్యి దగ్గర కూర్చునే ఆమెకు దాని మీద కొంత ఎక్కువ.