ఇనుముకూ అల్యూమినియానికీ పొత్తు కుదిర్చే చెయ్యి

1932లో ఫోర్డ్ తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8 ఇంజిన్ అంటే అమెరికాలో పాత కార్ల అభిమానులకు ఇప్పటికీ ప్రాణం. ఆ ఇనుప బ్లాకు మీద ఎడెల్‌బ్రాక్, ఆఫెన్‌హాసర్ లాంటి బయటి కంపెనీల అల్యూమినియం హెడ్‌ను కూర్చోబెట్టే మెకానిక్‌ను చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వాల్వులు బ్లాకులోనే ఉంటాయి కాబట్టి హెడ్ పైకి ఉత్త మూతలా కనిపిస్తుంది. అసలు పనంతా దాని అడుగున ఉంది. పిస్టన్ల మీద, వాల్వుల మీద మెత్తటి మట్టి అద్ది, గాస్కెట్ పరిచి, హెడ్‌ను స్టడ్లలోకి నిదానంగా దించి బిగిస్తాడు. క్రాంకును చేత్తో తిప్పి, మళ్లీ విప్పి, అణిగిన మట్టిని బ్లేడుతో కోసి మందం కొలుస్తాడు. పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య మిల్లీమీటరుకు కాస్త పైన సందు మిగలాలి. ఒక పక్క మట్టి పలచబడిందంటే హెడ్ పక్కకు జరిగినట్టే. స్టడ్ రంధ్రాన్ని వెంట్రుకవాసి సవరిస్తాడు. గాస్కెట్ రంధ్రాలు నీటిదారులకు సరిపోయాయా అని ఒక్కొక్కటీ చూస్తాడు. చాలా స్టడ్లు నీళ్లు తిరిగే గదుల్లోకే దిగుతాయి గనుక మరలకు సీలెంట్ పూస్తాడు. తర్వాత టార్క్ రెంచ్‌తో మధ్య నుంచి అంచులకు, విడతలు విడతలుగా బిగింపు. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ రెంచ్ పడతాడు. ఆ ఓపిక వల్లే తాతల నాటి కారు నీళ్లు కారకుండా, మునుపటికన్నా హుషారుగా మనవల్ని ఎక్కించుకుని రోడ్డెక్కుతోంది. యంత్రానికి రెండో ఆయుష్షు పోసే ఇలాంటి చేతులకు ఎంత గౌరవమిచ్చినా తక్కువే.