ఆంగ్లపు మూస – హుజూరాబాదు పలుకుబడి

ఆంగ్లమున 'బై', 'వితౌట్', 'ఆఫ్టర్' వంటి పదముల వెంట క్రియ వచ్చినపుడు అది 'ఇంగ్' అంతమందు గల నామరూపము దాల్చును. అచ్చట మూస యొకటే. దానిని తెలుగున యథాతథముగా దింపిన వాక్యములను మేము తరచుగా చూచుచున్నాము. 'కృషి చేయడం ద్వారా గెలిచెను' అనునది యట్టిది. 'తపాలా ద్వారా' అనుటలో దోషము లేదు. క్రియను నామముగా మార్చి 'ద్వారా' తగిలించుటయే కృతకము.

హుజూరాబాదు ప్రాంతపు వాడుకలో ఈ యర్థములు వేర్వేరు రూపములను పొందును: 'కష్టపడి గెలిచిండు', 'చెప్పకుంట పోయిండు', 'తిన్నంక వచ్చిండు'. వీనిలో నెచ్చటను క్రియ నామము కాలేదు. నామము కావలసిన చోట 'వచ్చుడు', 'చేసుడు' అనునవి వచ్చును: 'వచ్చుడుతోనే అడిగిండు'.

ఈ రూపమును గ్రామ్యమని త్రోసివేయుట న్యాయము కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) లక్షణము చెప్పిన 'వండుట' వంటి రూపముల పనినే 'చేసుడు' నిర్వహించుచున్నది. కావ్యములందలి 'అనుడు'నకు 'అనగానే' అని యర్థము. 'వచ్చుడుతోనే' దానిని స్మరింపజేయును. వీనికి జన్యసంబంధము కలదని మేము సిద్ధాంతీకరింపము. సామ్యము మాత్రము గమనింపదగినది.

కావున అనువాదకుడు పదమునకు పదము వెదకక, ఆ యర్థమును తెలుగు క్రియ యే రూపమున చెప్పునో విచారింపవలెను. లేనిచో అసమాపక క్రియల సంపద వ్రాతనుండి తొలగి, 'ద్వారా' యొక్కటే మిగులును.