పెట్టె కట్టే పనితనం

తాండూరు, వికారాబాద్‌ల నుంచి అమెరికా వెళ్లేవారి సామానులో కందిపప్పు ఉండటం సహజమే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ సామాను చెక్కుచెదరకుండా చేరిందంటే గొప్పతనం పెట్టె కట్టినవారిదే. కొరియర్ సంస్థలు తూకం ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన అంకె, అసలు తూకం రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. అందుకే నేర్పరి ఖాళీ మిగల్చడు: గిన్నెల్లో పప్పు పొట్లాలు, సందుల్లో నూలు బట్టలు. ఆవకాయను మందపాటి కవర్లో నింపి, గాలి తీసి, అంచును వేడితో అతికించి, పైన మరో కవరు తొడుగుతాడు. నూనె చుక్క కారినా పట్టుచీర పాడైనట్టే మరి. ఓడలో వెళ్లే చెక్కపెట్టెకు పురుగు చచ్చేలా శుద్ధి చేసిన కలప కావాలి. వేడితో శుద్ధి చేస్తే దాని నడిమి భాగానికీ 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి. చివరగా వస్తువుల పేర్లు, సంఖ్య, విలువ జాబితాకెక్కుతాయి. కస్టమ్స్ అధికారులకు అదే ఆధారం.