వరండాలో సన్మానం

షామిస్సో ప్రైజు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. అది ఆగిపోవడం మంచికేనా అన్న సందేహం మాత్రం నాకింకా తీరలేదు.

వేరే భాషల్లోంచి జర్మన్ సాహిత్యంలోకి వచ్చిన రచయితలకు రాబర్ట్ బాష్ ఫౌండేషన్ 1985 నుంచి ఇస్తూ వచ్చిన బహుమతి ఇది. పేరు కూడా ఊరికే పెట్టలేదు. అడెల్‌బెర్ట్ ఫాన్ షామిస్సో ఫ్రాన్సులో పుట్టి, విప్లవకాలంలో కుటుంబంతో పారిపోయి వచ్చి, జర్మన్ రచయిత అయినవాడు. నీడను అమ్ముకున్న మనిషి కథ ఆయనదే. 2017 తర్వాత ఫౌండేషన్ ఈ బహుమతిని ఆపేసింది. లక్ష్యం నెరవేరింది, ఈ రచయితలు ఇప్పుడు ఏ బహుమతికైనా పోటీపడగలరు అన్నది వాళ్ళ వాదన.

నాకీ లెక్క కుదరడం లేదు. ఎమినె సెవ్గి ఓజ్దమార్‌నే తీసుకోండి. టర్కీ నుంచి బెర్లిన్‌కి ఫ్యాక్టరీ పనికి వచ్చిన మనిషి. 1991లోనే క్లాగెన్‌ఫుర్ట్‌లో జడ్జీల ముందు తన రచన చదివి బాఖ్‌మన్ ప్రైజు గెలిచింది. అది జర్మన్‌లో రాసే అందరికీ ఉన్న పోటీ. షామిస్సో ప్రైజు వచ్చింది 1999లో! తెరేజియా మోరాదీ అదే వరస: 1999లో బాఖ్‌మన్, 2010లో షామిస్సో. పైగా ఆమె పుట్టింది హంగరీలోనే అయినా, చిన్నప్పట్నించీ ఇంట్లో జర్మన్ ఉంది. హాల్లో ముందే కుర్చీ సంపాదించుకున్నవాళ్ళని మళ్ళీ వరండాలోకి పిలిచి శాలువా కప్పడం కాదూ ఇది?

అలాగని మూసేయడం సబబంటే ఒప్పుకోలేను. ఆఖరి ఏడు ప్రోత్సాహక బహుమతి అందుకున్నవాళ్ళలో జాఫ్నాలో పుట్టిన సెంతురన్ వరదరాజా ఉన్నాడు. ఇద్దరు శరణార్థులు ఫేస్‌బుక్‌లో చేసుకునే సంభాషణే అతని మొదటి నవల. అలాంటి తొలి పుస్తకాన్ని పెద్ద బహుమతుల రద్దీలో ఎవరు వెతికి పట్టుకుంటారు?

జర్మన్‌లో అన్నిటికన్నా పెద్దదనిపించుకునే బ్యూష్నర్ ప్రైజు 2018లో మోరాకి, 2022లో ఓజ్దమార్‌కి వచ్చింది. ఫౌండేషన్ మాటే నిజమైందని అనిపించొచ్చు. కానీ వాళ్ళిద్దరూ ఎప్పుడో పైకి చేరినవాళ్ళు. వాళ్ళని చూపించి కింద మెట్లు అక్కర్లేదంటే ఎలా? రచయిత ఎక్కణ్ణుంచి వచ్చాడన్న ప్రశ్నని తీసేసి, తొలి పుస్తకాలకిచ్చే ఆ చోటుని ఉంచాల్సింది. వాళ్ళు రెండూ కలిపి తీసేశారు.