క్రిస్మసునాటి ఏకపాత్రాభినయము

శంషాబాదులో మా మిత్రుడొకరి యింట క్రిస్మసు రాత్రి భోజనములైన పిమ్మట ఒక ఆంగ్ల పద్యము నభినయించుట చాలకాలముగా వాడుక. జార్జి ఆర్. సిమ్సు 1877లో ప్రకటించిన వర్కుహౌసు క్రిస్మసు కథ యది. వినువారందఱును కడుపార భుజించినవారే. ఈ సంగతిని చదువరులు మఱువరాదు.

వర్కుహౌసనగా దిక్కులేనివారిని లోన నుంచుకొని పనియు తిండియు నిచ్చు కట్టడము. పండుగనాడు దాని పాలకులు సతీసమేతులై, పేదలు తినుట చూచి యానందింప వచ్చిరి. అందఱును కృతజ్ఞత దెలుపవలసిన వేళ జాన్ అను వృద్ధుడు ఆ తిండి తనకు వలదనెను. గడచిన చలికాలమున ఆకలితో పడియున్న భార్యకై రొట్టె యడుగ వచ్చినపుడు, ఇంటికి సాయమీయము, లోనికి రండని వీరే త్రిప్పిపంపిరట! లోన ఆలుమగలను వేఱుచేయుదురు. 1834నాటి పేదల చట్టము వెంట వచ్చిన కట్టుబాటది. ముసలమ్మ మగని నెడబాయ నొల్లక పస్తుండి కన్నుమూసెను.

ఇది గొప్ప కవిత్వమని మేమనము. కన్నీరు చౌక, ప్రాసలు మోటు. దీనిపై హాస్యానుకరణములు పుట్టుటలో వింత లేదు. బ్రౌనింగు పాత్ర మాటాడుచు తన్ను తానే తెలియక బయటపెట్టుకొనును. జాన్ అట్లు కాదు, ఎదుట కూర్చున్నవారిని బయటపెట్టును. బలమంతయు నందే యున్నది. మన హరిశ్చంద్రుని కాటిసీనునకు వన్స్‌మోర్ కొట్టుదుము. తుదకు దేవతలు దిగివచ్చి చచ్చిన బిడ్డను లేపుదురని యెఱిగియే యేడ్చుదుము. జాన్ కథలో నెవ్వరును దిగిరారు.

మా మిత్రుడు మునుపు పైకప్పు వంక జూచి గద్గదస్వరమున చదివెడివాడు. మేమును మెచ్చితిమి, ఆ మెప్పు మా తప్పే. క్రిందటేడు మాత్ర మతడు మా ముఖములవైపు తిరిగి, గొంతు తగ్గించి, లెక్క యడుగువానివలె పలికెను. నడుమ విమానమొకటి యింటిమీదుగా పోయెను. (2008లో విమానాశ్రయము వచ్చినది మొదలు ఈ రొద మాకు పరిపాటి.) అతడు చూపు మరల్పక, రొద యణగువఱకు నిలిచెను. మా చేత కేకుముక్క యుండెను. తిననును లేకపోతిమి, దింపనును లేకపోతిమి.

ఈ యేడు దానిని తెనిగింపుమని యాతడు కోరినాడు. పూనుకొంటిమి గాని పేరుకడనే యాగితిమి. అనాథశాల యన్నచో దయ యెక్కువగును. చెఱసాల యన్నచో నేరముండవలెను. సత్రమన్నచో తెల్లవాఱగానే వెడలిపోవచ్చును. ప్రస్తుతమునకు వర్కుహౌసనియే యుంచితిమి.